అక్క కొలత దగ్గర

మా మెట్లెక్కుతున్నది ఎవరో తలుపు తియ్యకుండానే చెప్పగలను. ఒంటరిగా ఉంటూ పుస్తకాలు చదువుకునేవాళ్ళకు చెవులు అలా తయారవుతాయి. పక్క వాటాలో ఉండే టేపు పిన్ని అడుగుల్లో ఒకటి బరువు, ఒకటి ఈడ్పు. ఎడమకాలు మెట్టు మీద దబ్బున పడుతుంది. కుడికాలు దాని వెనకాలే రాసుకుంటూ వచ్చి చేరుతుంది. మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంది. అంతసేపూ నేను చదువుతున్న వాక్యం మీద వేలు పెట్టుకుని కూర్చుంటాను. పక్క వాటా తలుపు తెరుచుకున్నాకే వేలు తీస్తాను.

ఆమె అక్క బతికున్న రోజుల్లో ఇవే మెట్ల మీద ఇంకో రకం అడుగులుండేవి. రెండూ సమానం. తొందరుండేది కాదు, ఆగడమూ ఉండేది కాదు. ఆరేళ్ళ క్రితం ఆ చప్పుడు ఆగిపోయింది. నేను ఇక్కడ రాయబోయేది చెల్లెలి గురించే అయినా, అక్కను పక్కనపెట్టి రాయడం నావల్ల కాదు. ఆ ఇంట్లోనే ఎవరివల్లా కాలేదు.

కింద వాళ్ళ కుట్టుదుకాణం, పైన రెండు వాటాలు, ఒకటి వాళ్ళది, ఒకటి నాది. దుకాణంలో పొడవాటి కత్తిరింపు బల్ల, మూడు పలకల నిలువుటద్దం, కిటికీ పక్కన రెండు మిషన్లు. అక్క బట్ట కత్తిరించేది, చెల్లెలు కుట్టేది. చెల్లెలి మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుండేది కాబట్టి వీధి పిల్లలు టేపు పిన్ని అన్నారు. తర్వాత పెద్దవాళ్ళూ అన్నారు. చివరికి ఆమే ఫోనెత్తి "నేను, టేపు పిన్నిని" అనడం మొదలుపెట్టింది. ఇంట్లో వాళ్ళమ్మకు మాత్రం ఈ ఇద్దరూ పెద్దది, చిన్నది. యాభై దాటినా చిన్నది చిన్నదే.

దుకాణంలో ఓ మూల దుప్పటి కప్పిన బొమ్మ ఒకటి నిలబడి ఉంటుంది. తలా చేతులూ ఉండవు. బట్టలు తొడిగి సరిచూసుకోవడానికి అక్కచెల్లెళ్ళు స్వయంగా చేసుకున్నది. అక్కకు పాత చొక్కా ఒకటి తొడిగి, దాని మీద జిగురు కాగితం పట్టీలు ఒంటికి అంటుకునేలా చెల్లెలే చుట్టింది. ఆరాక వీపు మీద కత్తిరించి విడిపించి, లోపల దూది కూరి కుట్టేశారు. కాగితం ఆరుతుండగా అక్కకు నవ్వాగలేదట. ఎడమ డొక్క దగ్గర ఆ నవ్వు ముడత ఇప్పటికీ ఉంది. మనిషి పోయి, నవ్విన చోటు మిగిలింది.

ఇక ఇప్పటి సంగతి. టేపు పిన్ని కుడి మోకాలు అరిగిపోయింది. మిషను పెడల్ నొక్కేది ఆ కాలితోనే. ఎముకల డాక్టరు చూసి, మోకాలు మార్చక తప్పదన్నాడు. కానీ ఇంత బరువు మీద కత్తి పెట్టను, డెబ్భై కిలోలకు దిగి రమ్మన్నాడు. అప్పటికి ఆమె తొంభై దాటి ఉంది. ఆపరేషను లేకపోతే పెడల్ లేదు, పెడల్ లేకపోతే దుకాణం లేదు. పైన మంచం మీదున్న ముసలమ్మను చూసుకోవడానికి ఈ మెట్లెక్కే మనిషీ ఉండదు. అన్నీ ఆ డెబ్భై దగ్గరే ముడిపడ్డాయి.

అక్కణ్ణుంచి నోరు కట్టేసుకుంది. పొద్దున గుడ్డు, మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరలు, సాయంత్రం పల్చటి సూపు. చక్కెర మానింది. దుకాణంలో గుండీలు, కాజాలు కుట్టే ఆవిణ్ణి అందరం గుండీల వదిన అంటాం. ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఏంటి పిన్నీ, ఆ గిన్నెలో? కుండీలో మొక్క పీకి తింటున్నావా?"

"నీకూ పెట్టనా వదినా?"

"వద్దు తల్లీ. నేను మనిషి పుట్టుక పుట్టాను."

అలా నవ్వుకుంటూనే కొన్ని నెలల్లో బరువు దిగింది. గౌన్లు వదులయ్యాయి. ప్రతి వారం తన గౌను తనే విప్పి కుట్టుకునేది. తోడు రమ్మంటే ఆసుపత్రికి నేనే వెళ్ళేదాన్ని. అక్కడ తిండి గురించి చెప్పే అమ్మాయి ఒకతి ఉంటుంది. చిన్న పిల్ల, మంచి పిల్ల. మేం తూకాలమ్మాయి అని పేరు పెట్టుకున్నాం. తూకం యంత్రం ఎక్కేముందు పిన్ని చెప్పులు విప్పేది, జేబులో కత్తెర తీసేది, చివరికి మెడలో టేపు కూడా తీసి నా చేతికిచ్చేది.

"ఆ టేపెంత బరువుంటుందే?" అన్నాను ఓసారి.

"నీకేం తెలుసు పుస్తకాలత్తా, ఈ టేపు మీద ఎంతమంది నడుములున్నాయో!"

ఆ ఏడాది ఆమెను అంత హుషారుగా చూడటం అదే ఆఖరు. డెబ్భై ఎనిమిది దగ్గర ముల్లు ఆగింది.

మొదటి వారం తూకాలమ్మాయి కంగారు పడొద్దంది. "ఒళ్ళు కొత్త తిండికి అలవాటుపడుతుంది పిన్నిగారూ. కొన్నాళ్ళు కదలదు. చాలామందికి ఇలాగే ఆగుతుంది, మళ్ళీ దిగుతుంది" అంది. రెండో వారమూ డెబ్భై ఎనిమిదే. సాయంత్రం సూపు కూడా మానేసింది. మంచినీళ్ళు తాగి, చేతులూ నడుమూ కదిలించే కసరత్తులు కుర్చీలో కూర్చునే చేసింది. కదల్లేదు. ఇంకో వారం, ఇంకో వారం. యంత్రం పాడైందేమోనని నన్ను ఎక్కించి చూసింది. నా బరువు నాకు సరిగ్గానే వచ్చింది.

ఒక మధ్యాహ్నం కిందికి వెళ్ళేసరికి గుండీల వదిన ఇంటికి వెళ్ళిపోయి ఉంది. పిన్ని ఒక్కతే అద్దం ముందు నిలబడి ఉంది. బొమ్మ మీద దుప్పటి తీసేసి ఉంది.

"ఇటు రా పుస్తకాలత్తా. చూడు" అని, టేపు బొమ్మ నడుముకు చుట్టి నాకు అంకె చూపించింది. అదే టేపు తన నడుముకు చుట్టుకుంది. అదే అంకె. ఛాతీ అంతే, తుంటి అంతే. భుజం నుంచి భుజానికి కూడా.

"అక్కచెల్లెళ్ళు కదా, పోలికలుంటాయి" అన్నాను.

"పోలిక కాదు. ఇన్నేళ్ళు బట్టలు కుట్టాను, ఇద్దరు మనుషుల కొలతలు ఇలా కలవడం నేను చూళ్ళేదు." టేపు మెల్లిగా వేలికి చుట్టుకుంది. "నేను దిగుతూ దిగుతూ వచ్చి దీని దగ్గర ఆగిపోయాను. ఎవరో చెయ్యడ్డం పెట్టి, ఇక్కడుండు, ఇంక కదలకు అన్నట్టుంది."

మూడు పలకల అద్దం పక్క పలకలో ఆమె మొహం సగమే కనిపిస్తోంది. దవడ, మెడ, భుజం వాలు. చదివేవాళ్ళు నమ్ముతారో లేదో, ఆ పలకలో ఉన్నది చెల్లెలు కాదు. నేను చూపు తిప్పుకుని కిటికీ వైపు చూశాను.

అప్పుడామె బీరువా తెరిచి ముదురు గోధుమరంగు కోటు తీసింది. అక్క తనకోసం కత్తిరించి, తనే కుట్టుకున్న కోటు. ఒంట్లో జబ్బు మొదలై అక్క చిక్కిపోతున్నప్పుడు, "చిన్నదానా, కోటు లూజయింది, కొంచెం లోపలికి వేసి కుట్టవే" అని అడిగేదట. "మళ్ళీ ఒళ్ళొస్తుంది కదా, అప్పుడు విప్పుకోవాలి, ఎందుకొచ్చిన పని" అని ఈమె కుట్టలేదు. ఒళ్ళు మళ్ళీ రాలేదు. చివరి రోజుల్లో ఆ కోటు అక్క భుజాల మీద, కుర్చీకి తగిలించినట్టు వేలాడుతుండటం నేనూ చూశాను.

పిన్ని కోటు తొడుక్కుంది. గుండీలన్నీ పట్టాయి. చలికాలం మొదలైంది, పైన గది చల్లగా ఉంటుంది, అందుకే వేసుకుంటున్నానని నాతో చెప్పింది. నేనడగలేదు.

ఆ కోటుతోనే వాళ్ళమ్మకు జావ పట్టుకెళ్ళింది.

వాళ్ళమ్మ సంగతి చెప్పాలి. ఎనభై దాటాయి. తెలివి కొన్నిసార్లు ఉంటుంది, కొన్నిసార్లు ఎక్కడికో వెళ్ళొస్తుంది. డెబ్భయ్యేళ్ళ నన్ను "పక్కింటి పిల్లా" అంటుంది, పెళ్ళెప్పుడని అడుగుతుంది. ఆ శీతాకాలం ముందు తిండి దాదాపు మానేసింది. చెంచా దగ్గరకు తెస్తే పెదాలు బిగించేది. ఆ రోజు కోటు వేసుకున్న కూతుర్ని గుమ్మంలో చూసి, దిండు మీంచి లేచి కూర్చుందట.

"పెద్దదానా, వచ్చావా? ఇంత ఆలస్యమేమిటే? రా, ఉప్పు చూడు."

ఆ ఇంట్లో అదొక అలవాటు. వంట దించగానే తల్లి మొదటి చెంచా పెద్దదాని నోట్లో పెట్టేది. పెద్దది "సరిపోయింది" అంటే తప్ప ఎవరూ తినేవారు కాదు. చిన్నదానికి ఎప్పుడూ ఆ పని దక్కలేదు. చిన్నప్పుడు దానికోసం ఏడ్చేదట. ఇన్నేళ్ళ తర్వాత తల్లి చెంచా తన నోటి ముందుకొచ్చి ఆగింది. నోరు తెరిచింది. "సరిపోయింది" అంది. తల్లి గిన్నె అందుకుని జావ తాగింది.

ఈ మాట నాకు చెబుతూ పిన్ని కళ్ళు తుడుచుకుంది. "అమ్మ తింది పుస్తకాలత్తా! పేరేదైతేనేం, తింది."

ఆ తర్వాత రోజూ కోటు వేసుకునే పైకి వెళ్ళేది. గోడకవతల నుంచి ముసలి గొంతు నాకు వినిపించేది. ఉప్పు చూడవే పెద్దదానా. కాసేపాగి మళ్ళీ, ఉప్పు చూడవే. ముందు చూసినట్టు గుర్తులేదు పాపం. నేను పుస్తకం మూసి వినేదాన్ని. గోడకవతల ఇద్దరే ఉన్నారని నాకు తెలుసు. అయినా ఒక్కోసారి ముగ్గురు మాట్లాడుకుంటున్నట్టుండేది.

దుకాణంలోనూ ఏదో మారింది. పిన్ని బట్ట కత్తిరించడం మొదలుపెట్టింది. అంతకుముందు అక్క బల్ల జోలికి వెళ్ళేది కాదు, బయటివాళ్ళ చేత కత్తిరింపించేది. ఇప్పుడు సుద్దముక్క చెవి మీద దోపుకుని, అచ్చం అక్క లాగే పెదవి ఒక మూల కొరుక్కుంటూ గీతలు గీసేది. గుండీల వదిన కూడా జోకులు తగ్గించింది. ఒకరోజు నన్ను గుమ్మం దాకా పిలిచి చెవిలో చెప్పింది.

"అమ్మా, సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తాను. పెద్దావిడే అనుకుని లేచి నిలబడ్డాను. పిన్ని నన్ను చూసి కూర్చోమన్నట్టు చెయ్యూపింది. చెయ్యి కూడా ఆవిడలాగే ఊపింది. నాకు జ్వరమొచ్చినంత పనయింది."

"నీకన్నీ భ్రమలే" అన్నాను. కానీ ఆ మాట నాకు నేను చెప్పుకున్నదే.

ముల్లు మాత్రం డెబ్భై ఎనిమిది మీద మేకు కొట్టినట్టు ఉండిపోయింది. డాక్టరు మొహం చిట్లించాడు. వేసవి దాకా చూస్తానని, అప్పటికీ దిగకపోతే తన చేతుల్లో లేదని అన్నాడు. మోకాలు వాచి, పెడల్ ఎడమకాలితో నొక్కడం నేర్చుకుంటోంది పిన్ని. కుట్లు వంకరపోతున్నాయి. ఆమె కుట్టు వంకరపోవడం వీధిలో ఎవరూ ఎరగరు.

అప్పుడొకసారి తూకాలమ్మాయి కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"పిన్నిగారూ, దాచకుండా చెప్పండి. నిన్న లేచినప్పటి నుంచీ ఏం తిన్నారు?"

"దాచడానికేముందమ్మా? గుడ్డు. మధ్యాహ్నం కూరలు. సాయంత్రం నిమ్మరసం."

"మధ్యలో?"

"మంచినీళ్ళు."

"వండేటప్పుడు రుచి చూస్తారా?"

"చూడను."

"ఇంత తక్కువ తింటే మీరీపాటికి గాలికి ఎగిరిపోవాలి కదండీ!" ఆ పిల్ల నవ్వేసింది. "మీ ఒంట్లో కూర్చుని ఇంకెవరైనా తింటున్నారా ఏంటి?"

నేను కూడా నవ్వబోయాను. పిన్ని మొహంలో రక్తం లేదు.

"అక్క తింటుంది" అంది.

తూకాలమ్మాయికి అర్థం కాలేదు. "మీ అక్కగారు మీతోనే ఉంటారా?"

"లేదు. పోయింది."

పిన్ని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది, ఎవరి చేతులో పోల్చుకుంటున్నట్టు. తర్వాత మెల్లగా చెప్పింది. అమ్మ ఉప్పు చూడమంటుంది. ఒక చెంచాతో ఆగదు, మర్చిపోయి మళ్ళీ పెడుతుంది. జావ, సూపు, వెన్న రాసిన రొట్టెముక్క, పాలలో నానబెట్టినది. మూడుపూటలా. అమ్మ రెండు చెంచాలు తినాలంటే తను నాలుగు తినాలి.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది తూకాలమ్మాయి, కోపంగా కాదు.

"అది నేను తింటున్నట్టు నాకు అనిపించలేదమ్మా. నిజంగా అనిపించలేదు. నన్నడిగితే నేను తిన్నదే చెప్పాను."

ఆ మాట అబద్ధం కాదని ఆ పిల్లకు కూడా తెలిసినట్టుంది. పిన్ని చెయ్యి కాసేపు పట్టుకుని కూర్చుంది. అమ్మ కంచానికి దూరంగా ఉండాలని మాత్రం చెప్పింది.

మర్నాడు పిన్ని కోటు బీరువాలో పెట్టేసి, దుకాణంలో వేసుకునే గళ్ళ ఏప్రాన్‌తో, మెడలో టేపుతో పైకి వెళ్ళింది.

"పెద్దదేదీ?" అంది తల్లి.

"నేనమ్మా, చిన్నదాన్ని. తిను."

"పెద్దది ఉప్పు చూడనీ."

"నేను చూశాను, సరిపోయింది."

"నీకేం తెలుస్తుందే" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

రోజులు అలాగే గడిచాయి. గోడకవతల బతిమాలడం, ఆ తర్వాత కసురుకోవడం, ఆ తర్వాత ఏ చప్పుడూ లేకపోవడం. ముసలమ్మ బుగ్గలు లోపలికి పోయాయి. ఇన్నాళ్ళకు పిన్ని తూకం కొంచెం దిగింది. ఆ వార్త నాకు చెబుతున్నప్పుడు ఎవరో చచ్చిన వార్త చెబుతున్నట్టుంది.

"నేను దిగితే అమ్మ పోతుంది. అమ్మ తింటే నా కాలు పోతుంది. ఇదేం తక్కెడ పుస్తకాలత్తా?"

జీవితమంతా పుస్తకాలు చదివినవాళ్ళ దగ్గర ఏదో ఉంటుందని జనం అనుకుంటారు.

అప్పుడామెకో ఆలోచన వచ్చింది. నాకు నచ్చలేదు, కానీ కాదనే ధైర్యం లేకపోయింది. మధ్యాహ్నం గుండీల వదినా నేనూ కలిసి బొమ్మను పైకి మోసుకెళ్ళాం. దానికి కోటు తొడిగి ఉంది. మెట్ల మలుపులో నా మొహం దాని భుజానికి ఆనుకుంది. పాత బట్ట, సుద్ద, అడుగున ఇంకేదో వాసన, మనిషి మెడ దగ్గరుండే వాసన. కాగితం కింది పాత చొక్కాదే కావచ్చు. గుండీల వదిన నోరు మొదటిసారి మూతపడి ఉంది.

ముసలమ్మ మంచం పక్కన కుర్చీలో బొమ్మను కూర్చోబెట్టినట్టుగా ఆనించాం. కిటికీ వెలుతురు వెనకనుంచి పడుతోంది. మెడ పైన ఏమీ లేకపోయినా, అక్కడో తల ఉండాల్సినంత చోటు కనబడుతూనే ఉంది.

"అమ్మా, పెద్దదొచ్చింది. ఇద్దరూ తినండి" అంది పిన్ని. ఆమె గొంతు ఆమెకే నచ్చలేదని నాకర్థమైంది.

ముసలమ్మ కళ్ళు తెరిచింది. బొమ్మ వైపు చాలాసేపు చూసింది. చెయ్యి చాచి, ఎడమ డొక్క దగ్గర కోటును తడిమింది. లోపలి ముడత వేలికి తగిలిందేమో, అక్కడ ఆగింది. తర్వాత మా ముగ్గురి వైపూ తిరిగింది.

"ఇది బొమ్మ కదే."

గుండీల వదిన కుర్చీ వదిలి వెనక్కి జరిగింది.

"నాకు పిచ్చెక్కిందనుకున్నావా చిన్నదానా? పెద్దది పోయిందని నాకు తెలీదా? స్నానం చేయించింది నేను కాదూ?"

పిన్ని కూలబడ్డట్టు మంచం అంచు మీద కూర్చుంది. "మరి నన్ను పెద్దదానా అని పిలిచావెందుకమ్మా ఇన్నాళ్ళూ?"

"కొన్నిసార్లు నిజంగా అదే వచ్చిందనుకుంటానే. కొన్నిసార్లు నువ్వని తెలుస్తూనే ఉంటుంది." ముసలమ్మ ఊపిరి కూడదీసుకుంది. "రెండుసార్లూ పెట్టాలనే ఉంటుంది."

"నా పేరు పిలిచి పెట్టొచ్చుగా?"

"నీ పేరు పిలిస్తే వద్దంటావు. ఎన్నాళ్ళయిందే నువ్వు నా ఎదురుగా తిని? ఏదిచ్చినా వద్దు, వద్దు. అది కూడా ఇలాగే వద్దు, వద్దంటూ..." బొమ్మను వేలితో చూపించింది. "ఇంత ఉండేది. చక్కగా ఉండేది. ఇక్కణ్ణుంచి కిందికి దిగిందే, మరి ఆగలేదు. నువ్వూ దిగుతూ వచ్చావు. ఈ కోటు నీకు పట్టిన రోజు నా ప్రాణం పోయింది. ఇక్కణ్ణుంచి దీన్ని పోనివ్వననుకున్నాను."

ముసలమ్మ కూతురి మణికట్టు అందుకుని, బొటనవేలూ మధ్యవేలూ దాని చుట్టూ వేసి చూసింది. చివర్లు ఇంకా కలవలేదు. "ఇదీ నా టేపు" అంది.

గుండీల వదిన మొహం గోడ వైపు తిప్పేసుకుంది. మొదటి వారాల్లో ముల్లు ఎందుకాగిందో ఏమో గానీ, కోటు వేసుకున్నప్పటి నుంచీ ఉన్న డెబ్భై ఎనిమిది నాకు అప్పుడర్థమైంది. అద్దంలో నేను చూసినదాని సంగతి నాకిప్పటికీ తెలియదు. కానీ ముల్లుకు అడ్డం పెట్టిన చెయ్యి ఎవరిదో ఆ రోజు చూశాను. నరాలు తేలి, వణుకుతూ, జావ మరకతో ఉంది.

"అమ్మా" అంది పిన్ని. "అక్క జబ్బుతో దిగింది. నేను కాలు కోసం దిగుతున్నాను. నాకు ఆకలేస్తోందమ్మా. రోజూ వేస్తోంది. అక్కకు వెయ్యలేదు కదా?"

ముసలమ్మ ఆ మాట మీద ఆగింది. "ఆకలేస్తోందా?"

"చచ్చేంత."

"ఎక్కడికి దిగాలి?"

"ఇంకాస్త. డాక్టరు చెప్పినంత."

"దిగి ఆగుతావా?"

"ఆగుతాను."

ముసలమ్మ చెంచా తీసుకుంది. గిన్నెలో ముంచి, విదిలించింది. చివర ఒక్క చుక్క మిగిలింది. దాన్ని కూతురి పెదాల దగ్గర పెట్టింది. "చూడు. ఇంతకన్నా వద్దులే" అంది. పిన్ని నాలుక చివరతో అందుకుని, "కొంచెం తక్కువైందమ్మా" అంది. అందరం ఒక్కసారి నవ్వాం. ఆ నవ్వులో ఒకరు ఏడుస్తున్నారు, అదెవరో ఎవరూ చూసుకోలేదు.

బొమ్మను కిందికి దించేటప్పుడు ముసలమ్మ కోటు విప్పించుకుంది. ఒళ్ళో పెట్టుకుని, పక్క కుట్టు వేలితో తడిమింది. "పెద్దది లోపల చాలా బట్ట వదిలేది. లూజయినప్పుడు లోపలికి వెయ్యి" అంది.

పిన్ని తలూపింది. వేసవి వస్తుండగా, మధ్యాహ్నం వెలుతురులో, అక్క వేసిన కుట్టు బ్లేడు అంచుతో ఒక్కో పోగూ తెంపడం నేను చూశాను. ఒక్కో చోట ఆగేది. విప్పిన దారం పారెయ్యకుండా వేలికి చుట్టుకునేది. ఎడమకాలితోనే కొత్త కుట్టు వేసింది. ఈసారి వంకర పోలేదు.

ముల్లు కదిలింది. మెల్లిగా, మొండిగా, మధ్యలో మళ్ళీ ఆగి, మళ్ళీ కదిలి. అక్క కొలత దాటి దిగిన వారం పిన్ని నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దుకాణంలో బొమ్మ పక్కనుంచి నడుస్తున్నప్పుడు, ఇరుకు దారిలో ఎవరికో చోటిచ్చినట్టు భుజం కాస్త పక్కకు తిప్పేది. పైన రోజూ వేళ్ళు మణికట్టు చుట్టూ పడేవి. చివర్లు కలిసిన రోజు ముసలమ్మ చెయ్యి వదల్లేదట. "ఇంక చాలు" అందట. "ఇంకొంచెమే అమ్మా" అని ఈమె.

డెబ్భైకి దిగింది, ఆగింది. ఆపరేషను జరిగింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ముసలమ్మకు నేనే తినిపించాను. ప్రతి పూటా చెంచా విదిలించి నా నోటి ముందు పెట్టేది. "చూడు పక్కింటి పిల్లా, అవసరానికి నువ్వే దిక్కయ్యావు" అనేది.

వర్షాలు మొదలైన ఒక సాయంత్రం నేను కిటికీ దగ్గర చదువుకుంటున్నాను. మెట్ల మీద చప్పుడైంది. రెండు అడుగులూ సమానం. తొందర లేదు, ఆగడమూ లేదు. ఆరేళ్ళుగా నా చెవులకు లేని చప్పుడు. పేజీ మీద పెట్టిన వేలు చల్లబడింది.

గోడకవతల ముసలి గొంతు పిలిచింది. "పెద్దదానా?"

అడుగులు గుమ్మం దగ్గర ఆగాయి.

"కాదమ్మా. నేను."

మంచం కిర్రుమంది. చెంచా గిన్నెకు తగిలిన చప్పుడయింది.

"నువ్వా? అయితే రా చిన్నదానా, ఉప్పు చూడు."